ముట్లుడుగు ప్రాయము, మందుల జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ శుభసమయమున భారతమును గూర్చియో, ప్రబంధములను గూర్చియో ముచ్చటింతునని మీరు తలంచియుందురు. నేనెన్నుకొనిన విషయము స్త్రీలకు ముట్లుడుగుట, అప్పుడు వాడదగిన హార్మోను మందులు. ఊరి లెక్కలు వ్రాయు మగవానికిది తగునా యని కొందఱు నొసలు చిట్లింపవచ్చును. రజస్సు 12వ ఏట మొదలై 50వ ఏట ఉడుగునని సుశ్రుతుడు శారీరస్థానమున వ్రాసియుంచెను. వ్రాయుటకు ఆయనకు లేని సిగ్గు వినుటకు మనకేల?

మా అప్ప సంగతి ఆమె అనుమతితోనే చెప్పుచున్నాను. ఆమెకు 36వ ఏట రక్తస్రావము అధికమైనది. సంచి ఉంచినచో కేన్సరగునని భయపెట్టి, ఒక ఆసుపత్రిలో గర్భసంచితోపాటు రెండు అండాశయములను తీసివేసిరి. మరుసటి నెల నుండియే ఒడలెల్ల సెగలు, రాత్రులందు చీర తడియునంత చెమట, నిద్రలేమి. గాలి సోకినదని ఇరుగుపొరుగువారనిరి. 51వ ఏట నూతిగట్టుపై జారి చేయి ఊనినంతనే మణికట్టు విఱిగినది. అప్పుడు పాత ఆసుపత్రి కాగితమును వైద్యురాలికి చూపగా, అండాశయములు తీసిన సంగతి అందే యున్నది. పదునైదేండ్లు అది మా పెట్టెలో భూమి కాగితముల క్రింద పడియున్నది. ఊరివారి కాగితములెల్ల చదివిన నేను దానిని చదువలేదు.

అండాశయములు ఈస్ట్రోజెన్ అను హార్మోనును పుట్టించును. ఎముకల గట్టిదనమునకు అది ముఖ్యాధారము. మన దేశపు స్త్రీలకు సుమారు 46, 47 ఏండ్ల ప్రాయమున అది క్రమముగా తగ్గి ముట్లుడుగును. ఇది రోగము కాదు. శస్త్రచికిత్సచే చిన్నవయస్సున ఒక్కనాడే నిలిచినచో దేహము తట్టుకొనుట కష్టము. అట్టివారికి, వేరు అడ్డులేనిచో, సహజముగా ముట్లుడుగు వయస్సు వఱకైనను హార్మోను ఇచ్చుట మేలని వైద్యులందురు. మా అప్పకు ఆ మాట చెప్పినవారు లేరు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి సుమారు ముగ్గురు, ఆంధ్రప్రదేశమున సుమారు తొమ్మండుగురు. అనవసరపు శస్త్రచికిత్సలను అరికట్టు మార్గదర్శకములను అమలుపఱుపవలెనని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించెను.

ఇక మందుల జమాఖర్చు. చూలు గుఱ్ఱముల మూత్రము నుండి తీసిన ఈస్ట్రోజెన్ మాత్రకు అమెరికాలో 1942లో అనుమతి లభించెను. 2002లో అచ్చట 16,608 మందిపై జరిగిన పరీక్షను నడుమనే ఆపివేసిరి. రెండు హార్మోనులను కలిపి వాడిన పదివేలమందిలో ఏటికి రొమ్ము కేన్సరు ఎనమండుగురికి, పక్షవాతము ఎనమండుగురికి అదనముగా వచ్చెను, ఇది ఖర్చు. తుంటి ఎముక విఱుగుట ఐదుగురికి తగ్గెను, ఇది జమ. లోకమంతయు బెదరి మందు మానెను. అయితే ఆ స్త్రీల సగటు వయస్సు 63. అఱువది దాటనివారికి, లేదా ముట్లుడిగి పదేండ్లు కానివారికి, బాధ అధికమైనచో జమయే ఎక్కువయని నేటి వైద్యుల తీర్పు.

గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌తో ప్రొజెస్టిరోన్ జాతి మందు కూడ కావలెను. ఒంటరి ఈస్ట్రోజెన్ వలన సంచి లోపలిపొరకు కేన్సరు ముప్పు కలదు. సంచి లేనివారికి సాధారణముగా ఈస్ట్రోజెన్ ఒక్కటి చాలును. మాత్రలకంటె చర్మముపై అంటించు పట్టీలతోను, పూయు జెల్లుతోను నెత్తురు గడ్డకట్టు భయము తక్కువ. యోని పొడిబాఱుటకు మాత్రమే అయినచో అచ్చట రాయు క్రీము చాలును. రొమ్ము కేన్సరు, రక్తపు గడ్డలు, పక్షవాతము, కాలేయవ్యాధి, కారణము తెలియని రక్తస్రావము గలవారు హార్మోను మాత్రలను తామై వాడరాదు. అట్టివారికి సెగలు తగ్గించు ఇతర మందులు కలవు. చోడి అంబలి, నడక, ఎండ ఎముకలకు మేలుచేయును గాని హార్మోనుకు బదులు కావు. ఏడాది ముట్లు లేక మరల రక్తము కనబడినచో వెంటనే వైద్యుని చూడవలెను.

సోదరీమణులారా, సంచి తీయవలెనన్నప్పుడు మూడు ప్రశ్నలడుగుడు: కారణమేమి? వేఱు చికిత్స లేదా? అండాశయములు ఉంచెదరా? నర్సీపట్నమునగాని, విశాఖ ఘోషా ఆసుపత్రియందుగాని రెండవమాట వినుడు. ఆసుపత్రి కాగితమును భూమి కాగితమువలె భద్రపఱచుడు.

ప్రతి ఆదివారము సాయంకాలము నేనీ గ్రంథాలయమున కూర్చుందును. కాగితము తెచ్చినచో చదివి తెలుగున చెప్పెదను, వైద్యము వైద్యులదే. మగవానితో చెప్పుటకు సంకోచించువారికై మా అప్పయు నా వెంట వచ్చును.

సెలవు.