శాసనసభ నడచు తీరు - మన కర్తవ్యము

(ఒక గ్రామ గ్రంథాలయ వార్షికోత్సవమున మేము గావించిన ఉపన్యాస పాఠము)



ఈ గ్రంథాలయ కార్యకర్తలు శాసనసభను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము కోరిరి. ఎన్నికలు వచ్చినపుడు శాసనసభ పేరు వినని చెవి యుండదు. అభ్యర్థి యెవ్వరు, కులమేది, ఖర్చెంత, మెజారిటీ యెంత యని రచ్చబండల మీద తెల్లవార్లును చర్చలు సాగును. కాని గెలిచినవారు అచ్చటికి బోయి యేమి చేయుదురు, ఏమి చేయవలెను, చేయనిచో అడుగు దారి యేది యను ప్రశ్నలు వేయువారు అరుదు. పాలేరును కుదుర్చుకొనుటకు పది దినములు బేరమాడి, కుదిరిన పిమ్మట ఐదేండ్లు పొలము వంక తిరిగి చూడని రైతును మనమేమందుము? శాసనసభ విషయమున మన మందరమును నేడట్టి రైతులమై యున్నాము.

మొదట ఈ సభ మనకు ఊరక రాలేదని జ్ఞప్తియందుంచుకొనవలెను. 1861 చట్టము క్రింద చెన్నపురి గవర్నరు తన సభకు కొందరు పెద్దలను చేర్చుకొని శాసనములు చేయించుకొనెడివాడు. ఆ పెద్దలకు సర్కారును ప్రశ్నించు హక్కైనను లేదు. 1892లో ప్రశ్న వేయుటకును, ఆదాయవ్యయ పట్టికపై మాటలాడుటకును సెలవు దొరకెను. దానిపై ఓటు వేయుటకు దొరకలేదు. జవాబు సరిగా లేనిచో వెంటనే మరియొక ప్రశ్న వేయు హక్కు, అదియు మొదట ప్రశ్నించినవారికి మాత్రమే, 1909లో వచ్చెను. ఒక్క అనుబంధ ప్రశ్నకు పదునేడేండ్లు పట్టెను! 1919 చట్టము పద్దులపై ఓటునిచ్చెను గాని, తన చేతిలో నుంచుకొన్న శాఖలలో సభ కొట్టివేసిన పద్దును గవర్నరు తిరిగి నిలువబెట్టుకొనవచ్చునని మెలిక పెట్టెను.

1937 ఎన్నికలలో, 215 స్థానములు గల చెన్నరాష్ట్ర శాసనసభయందు కాంగ్రెసు 159 గెలుచుకొనెను. అయినను పదవుల కొరకు పరుగిడలేదు. గవర్నరు తన ప్రత్యేకాధికారములతో దినదినమును అడ్డుపడునా లేదా యను సంగతి తేలిన పిమ్మట, జూలై నెలలో గాని రాజాజీ మంత్రివర్గము ఏర్పడలేదు. ఆ సభకు సభాపతి మన బులుసు సాంబమూర్తి. ఉపసభాపతి రుక్మిణీ లక్ష్మీపతి. కారాగారము చూచి వచ్చినవారు ఆ పీఠములపై కూర్చుండిరి. రెండేండ్లు తిరిగినంతనే, మన దేశమును అడుగకయే యుద్ధమున దింపినందుకు నిరసనగా, 1939 అక్టోబరులో ఆ మంత్రివర్గము పదవులను విడిచి వెడలెను. సభ కొరకు పదవిని విడువ నేర్చిన పెద్దల ఆస్తికి మనము వారసులము.

ఇక నేటి సభ సంగతి. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 మంది, తెలంగాణ శాసనసభలో 119 మంది సభ్యులు. అందరును మన యోటుచే నేరుగా ఎన్నికైనవారే. ఇరువదియైదేండ్లు నిండినవారు పోటీ చేయవచ్చును. సభ ఆయువు ఐదేండ్లు. ముందుగా రద్దు కావచ్చును. ఒక సమావేశపు కడపటి దినమునకును తరువాతి సమావేశపు తొలి దినమునకును నడుమ ఆరు నెలలు గడువరాదని రాజ్యాంగము విధించెను. ఏడాదికి ఇన్ని దినములు కూడవలెనని మాత్రము విధింపలేదు. సభ నడచుటకు పదిమంది గాని, మొత్తమున పదవ వంతు గాని, రెండింటిలో ఏది యెక్కువయో అంతమంది యుండవలెను. అనగా ఆంధ్రప్రదేశ్‌లో పదునెనిమిది మంది, తెలంగాణలో పన్నిద్దరు చాలును! ఈ లెక్కను మీరు మరువవద్దు. దీని పని మరల పడును.

సభ కూడిన దినమున సాధారణముగ మొదటి గంట ప్రశ్నలది. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పవలెను. దానిపై అనుబంధ ప్రశ్నలును వేయవచ్చును. గుర్తు లేనిదానికి వ్రాతపూర్వకమైన జవాబు వచ్చును. ఇది చిన్న విషయమని తలపవద్దు. మీ యూరి చెరువుగట్టు గండికి మంజూరైన సొమ్మెంత, పని యెవరికిచ్చిరి, ఎప్పటికి ముగియునని ఒక సభ్యుడు అడిగెననుకొనుడు. ఆ ప్రశ్న సచివాలయము నుండి జిల్లాకును, జిల్లా నుండి ఇంజనీరు కార్యాలయమునకును దిగివచ్చి, అటకమీది కాగితముల దుమ్ము దులుపును. పది అర్జీలకు కదలని ఫైలు ఒక్క ప్రశ్నకు కదలును. మంత్రి "చేసెదము" అన్నచో, ఆ మాటను వ్రాసిపెట్టుకొని నెరవేరెనో లేదో చూచుటకు హామీల సంఘమొకటి కలదు. ఇట్టి గంటను అల్లరితో వమ్ము చేయుట యనగా ఎవరి నోరు నొక్కుట? మంత్రి నోరు కాదు. చెరువు క్రింది రైతు నోరు.

సభకు గల అధికారములలో తలమానికము ధనాధికారము. ఏటి తొలి సమావేశమున గవర్నరు ప్రసంగించును. పిమ్మట ఆర్థికమంత్రి ఆదాయవ్యయ పట్టికను సమర్పించును. అప్పుల వడ్డీలు, హైకోర్టు న్యాయమూర్తుల జీతములు మొదలగు కొన్నింటిపై చర్చయే గాని ఓటు లేదు. తక్కిన ప్రతి శాఖయు తన పద్దుతో సభ ముంగిట నిలిచి, ఇంత సొమ్ము దయచేయుడని అడుగవలసినదే. సభ ఇయ్యవచ్చును, తగ్గింపవచ్చును, నిరాకరింపవచ్చును. పెంచుటకు మాత్రము వీలులేదు. ఇచటనే కోత తీర్మానము పనికివచ్చును. కోరిన కోత వంద రూపాయలే కావచ్చును. ఉద్దేశము ఆ వంద కాదు. పలానా ఆసుపత్రిలో వైద్యుడు లేడని, పలానా బడికి కప్పు లేదని ఆ పద్దు తలమీద వ్రాసి చూపుట. పద్దులు ముగిసిన పిమ్మట ద్రవ్య వినిమయ బిల్లు ఆమోదము పొందును. అంతవరకు ఖజానానుండి పైసయు తీయరాదు.

శాస్త్రమిట్లుండగా ఆచారమెట్లున్నది? చర్చకు కేటాయించిన దినములు తరిగిపోవుచుండ, కడపటి దినమున మిగిలిన పద్దులన్నింటిని చర్చ లేకయే ఒక్కపెట్టున ఓటునకు పెట్టి, మూజువాణితో ముగించుచున్నారు. పెండ్లివారు వంటవానికిచ్చు సంభారముల జాబితానైనను ఇంతకన్న శ్రద్ధగా చదువుదురు. ఖర్చైన పిమ్మట కంప్ట్రోలరు ఆడిటరు జనరలు నివేదిక సభకు వచ్చును. దానిని ప్రజాపద్దుల సంఘము పరిశీలించును. ఆ సంఘమునకు ప్రతిపక్షసభ్యుని అధ్యక్షునిగా నుంచుట మంచి సంప్రదాయము. ఖర్చు పెట్టినవారే లెక్క చూచుకొన్నచో ఆ లెక్కకు విలువ యేమి?

శాసనము చేయు తీరును క్లుప్తముగ చెప్పెదము. బిల్లును ప్రవేశపెట్టుట, దాని తత్త్వముపై చర్చ, ఖండఖండముగ పరిశీలన, తుది ఆమోదము - ఇవి మెట్లు. జటిలమైనదానిని సభాసంఘమునకు పంపవచ్చును. పిమ్మట అది శాసనమండలికి పోవును. మండలి మొదట మూడు నెలలు, సభ తిరిగి ఆమోదించినచో మరియొక నెల ఆపగలదు, అంతకుమించి ఆపలేదు. ద్రవ్యబిల్లునైతే పదునాలుగు దినములలో తిరిగి పంపవలసినదే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ మండలి 1958లో నెలకొని, 1985లో రద్దయి, 2007లో మరల పుట్టెను. 2020 జనవరిలో దానిని రద్దు చేయుమని తీర్మానించిన శాసనసభయే 2021 నవంబరులో ఆ తీర్మానమును వెనుకకు తీసికొనెను. పెద్దల సభ ప్రాణము పిన్నల సభ చేతిలో నున్నదనుటకు ఇదియే నిదర్శనము. ఉభయసభలును దాటిన బిల్లునకు గవర్నరు సమ్మతినీయవచ్చును, నిలుపవచ్చును, ద్రవ్యబిల్లు కానిచో తిరిగి పంపవచ్చును, రాష్ట్రపతికి నివేదింపవచ్చును. తిరిగి పంపినదానిని సభ మరల ఆమోదించినచో సమ్మతిని నిరాకరింపరాదని రాజ్యాంగవచనము.

సభ కూడని కాలమున ఆర్డినెన్సు మార్గమున్నది. సభ తిరిగి కూడిన ఆరు వారములకు అది చెల్లిపోవును. అది ఆపత్కాలపు మందు. దానినే కొందరు నిత్యాహారము చేసికొనిరి. బీహారున 1967 మొదలు 1981 వరకు 256 ఆర్డినెన్సులు వెలువడెను. చెల్లిపోవు వేళకు అవియే మరల మరల ప్రకటింపబడుచు వచ్చెను. ఇది రాజ్యాంగమును మోసగించుటయేయని సుప్రీంకోర్టు 1986లో ఖండించెను.

మంత్రివర్గము ఉమ్మడిగ శాసనసభకే బాధ్యత వహించును. శాసనమండలికి గాదు, గవర్నరునకు గాదు. ఈ ఒక్క వాక్యముపై రాజ్యము నిలిచియున్నది. దీని బలము మన తెలుగువారు ఆదిలోనే కన్నులార చూచిరి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగ ఆంధ్రరాష్ట్రము అవతరించెను. మరుసటి యేడు నవంబరులో, మద్యనిషేధ వివాదము నడుమ వచ్చిన అవిశ్వాస తీర్మానము ఒక్క ఓటు తేడాతో నెగ్గెను. ప్రకాశముగారి మంత్రివర్గము పడిపోయెను. సైమను కమిషను నాడు తుపాకులకు రొమ్ము చూపిన ఆంధ్రకేసరియు ఒక్క ఓటునకు తలవంచెను. అందు ఆయన గౌరవము తగ్గలేదు. సభ గౌరవము పెరిగెను.

దీనికి వ్యతిరేకమైన దృశ్యమును కూడ చూచితిమి. 1984 ఆగస్టు 16న రాజభవనము నుండి వెలువడిన ఉత్తరువుతో నందమూరి తారక రామారావుగారి మంత్రివర్గము తొలగింపబడెను. సభలో బలము చూపుకొను అవకాశము ముందుగ దొరకలేదు. ప్రజలు వీధుల కెక్కిరి. నెల తిరుగునప్పటికి, సెప్టెంబరు 16న, ఆయనయే తిరిగి ముఖ్యమంత్రి యయ్యెను. బలాబలములు తేలవలసిన చోటు సభామందిరమే గాని రాజభవనము కాదని 1994లో బొమ్మై వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్థిరపరచెను. మన ప్రజలు పదేండ్ల ముందే వీధిలో నిలిచి ఆ తీర్పును చెప్పిరి.

ఇక సభాపతి. ఆయన సామాన్యముగ ఓటు వేయడు. ఇరుపక్షముల ఓట్లు సమానమైననే వేయును. ఒక పక్షము టికెట్టుపై గెలిచియు, పీఠమెక్కిన పిమ్మట పక్షమును మరువవలసినవాడు. 1985లో పదవ షెడ్యూలు వచ్చినప్పటినుండి ఆయనపై బరువు పెరిగెను. పక్షము ఫిరాయించిన సభ్యుని స్థానము పోవునా నిలుచునా తేల్చువాడు ఆయనయే. చట్టము గడువు చెప్పలేదు గనుక, తీర్పు చెప్పకుండుటయే తీర్పైపోయిన సందర్భము లెన్నియో కలవు. అసాధారణ కారణము లేనిచో మూడు నెలలలో తేల్చవలెనని 2020లో మణిపురపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పెను. తెలంగాణ శాసనసభలో పదిమంది సభ్యుల విషయమున 2025 జూలై 31న మరల మూడు నెలల గడువు విధింపవలసివచ్చెను. మేమొక్క పక్షమును నిందించుట లేదు. ఈ రోగము రెండు తెలుగు రాష్ట్రములలోను, అధికారమున నున్న పక్షమెల్ల అంటించుకొన్నదే. సంతలో పశువు చేతులు మారినచో రశీదైనను ఉండును. మన యోటు చేతులు మారినపుడు మనకు కబురైనను లేదు.

ఫిరాయింపు ఒక రోగమైన, గైర్హాజరు రెండవది. 2017 నవంబరు నుండి ఆంధ్రప్రదేశ్ శాసనసభకు నాటి ప్రధాన ప్రతిపక్షము రాక మానెను. 2021 నవంబరులో నాటి ప్రతిపక్షనాయకుడు అవమానితుడై, ముఖ్యమంత్రిగనే తిరిగి వత్తునని చెప్పి వెడలెను. ఇరువురకును కారణములుండెను, కొన్ని బలమైనవే. కాని ప్రతిపక్షము లేని సభలో మంత్రిని అనుబంధ ప్రశ్నతో నిలదీయువారెవ్వరు? పదునెనిమిది మంది చాలునన్న లెక్క ఇప్పుడు జ్ఞప్తికి తెచ్చుకొనుడు. లెక్కకు సభ యుండును, శాసనము లగును, పద్దులు దాటును. ప్రజల కన్ను మాత్రము ఉండదు. అధికారపక్షము నోరు నొక్కుట ఎంత తప్పో, నోరున్నవారు కుర్చీ విడిచి పోవుటయు నంతే తప్పు. అవమానము సభ్యునిది, కుర్చీ మాత్రము ఆయనది కాదు, మనది.

అయినచో మనము చేయవలసిన దేమి? పెద్ద మాటలు వలదు. ఈ గ్రంథాలయమున ఒక పుస్తకము పెట్టుడు. మన శాసనసభ్యుడు ఈ సమావేశమున ఎన్ని దినములు హాజరయ్యెను, ఎన్ని ప్రశ్నలు వేసెను, ఏ పద్దుపై మాటలాడెను, ఏ బిల్లుపై ఎటు ఓటు వేసెను - తెలిసినంత వ్రాయుడు. తెలియనిది ఆయననే అడిగి వ్రాయుడు. సమావేశమునకు ముందు గ్రామస్థులు కూడి, మూడు ప్రశ్నలు చక్కగా వ్రాసి ఆయన చేతికిండు. ముగిసిన పిమ్మట రచ్చబండకు పిలిచి, మా ప్రశ్నలేమైనవని అడుగుడు. పెండ్లికి వచ్చెనా, చావుకు వచ్చెనా, పింఛను ఇప్పించెనా యని మాత్రమే కొలుచుట మానుడు. అవి ఆయన మంచితనము. సభలో పని ఆయన ధర్మము. మనము దేనిని అడుగుదుమో దానినే ఆయన చేయును.

1892కు ముందు మన పెద్దలకు ప్రశ్న వేయు హక్కు లేదు. నేడు మనకు హక్కున్నది, అడుగువారు లేరు. హక్కు లేని నాటి దైన్యమును పరులపై మోపవచ్చును. హక్కుండి యడుగని నాటి దైన్యమును ఎవరిపై మోపుదుము? వచ్చే వార్షికోత్సవమునకు మమ్ము మరల పిలిచినచో, మాకు పూలదండ వలదు. ఆ పుస్తకమును చూపుడు. అదియే మాకు చాలును.