తెర మీద చూసిన ముఖం
(రేడియో ప్రసంగ పాఠం)



ఈ రోజు ఒక చిన్న ప్రశ్నతో ప్రారంభిద్దాం. ఒక్క క్షణం కళ్లు మూసుకొని ప్రభువు ముఖాన్ని తలంచుకోండి. ఎవరు కనిపించారు? మనలో చాలామందికి, ముఖ్యంగా యాభై ఏళ్లు దాటినవారికి, నటుడు విజయచందర్ గారి ముఖమే కనిపించి ఉంటుంది. సిగ్గుపడనవసరం లేదు. నాకూ అంతే.

"కరుణామయుడు" చిత్రం 1978లో విడుదలైంది. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్ గారు. థియేటర్లలో ఆడిన తరువాత దాన్ని ఇతర భాషల్లోకి అనువదించి, ప్రొజెక్టరు, తెర, జనరేటరు వెంటబెట్టుకొని ఊరూరా చూపించారు. సువార్త పుస్తకం చదవలేని ఎందరో ఆ తెర మీదనే యేసు కథ మొదటిసారి తెలుసుకున్నారు. అది మంచి సంగతే. మన పొరుగువారి అనుభవమూ ఇలాంటిదే. 1957లో "మాయాబజార్" వచ్చిన తరువాత ఎన్నో తెలుగు ఇళ్లలో కృష్ణుడంటే ఎన్.టి. రామారావు గారి ముఖమే అయింది.

ప్రియులారా, సినిమా మన మనస్సులో మూడు చోట్ల పనిచేస్తుంది. మొదటిది, జ్ఞాపకం.

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2009లో ఒక పరిశీలనను ప్రచురించారు. విద్యార్థులకు చరిత్ర పాఠాలు చదవడానికి ఇచ్చి, అదే చరిత్ర మీద తీసిన సినిమా ముక్కలు కూడా చూపించారు. పాఠం, సినిమా ఒకే మాట చెప్పిన చోట విద్యార్థులకు పాఠం మరింత బాగా గుర్తుంది. సినిమా తప్పు చూపిన చోట మాత్రం, దాదాపు సగం సందర్భాల్లో, ఆ తప్పే పాఠంలో ఉన్నట్టు రాశారు. "సినిమాల్లో తప్పులుంటాయి జాగ్రత్త" అని ఊరికే హెచ్చరిస్తే సరిపోలేదు. ఫలానా సంగతి తప్పు అని విడమరచి చెప్పినప్పుడే ఆ పొరపాటు తగ్గింది.

మన సంగతి చూద్దాం. తూర్పు దేశపు జ్ఞానులు ఎంతమంది? ముగ్గురని అందరం చెబుతాం. మత్తయి సువార్త 2వ అధ్యాయం తెరచి చూడండి. కానుకలు మూడు ఉన్నాయి గాని జ్ఞానుల లెక్క లేదు. మగ్దలేనే మరియ వేశ్య అని ఎక్కడ ఉంది? ఏ సువార్తలోనూ లేదు. ఆమెలో నుండి ఏడు దయ్యాలు వెళ్లిపోయినట్టు మాత్రం లూకా 8వ అధ్యాయంలో ఉంది. ఈ పొరపాటు సినిమాతో పుట్టింది కాదు. 591లో పోపు గ్రెగొరీ గారు చేసిన ప్రసంగం నుండి స్థిరపడింది. నాటకాలూ సినిమాలూ దానికి ముఖం, నగలు, నడక ఇచ్చాయి. ఆ తరువాత అది మన మనస్సులో నుండి పోవడం లేదు.

రెండవది, అభిరుచి. ఏది అందం, ఏది కాదు అని తెర మనకు చిన్నప్పటి నుండి నేర్పుతోంది. యేసు పాత్రకు కూడా తెల్లని మేను, తీర్చిన ముఖం ఉండాలని కోరుకుంటాం. యెషయా 53వ అధ్యాయం మాత్రం, మనం చూచి ఆశించేంత అందం ఆ సేవకునికి లేదంటుంది. అలాంటివాడు మన వీధిలో నడిచివస్తే గుర్తుపడతామా?

మూడవది, భావోద్వేగం. 2004లో మెల్ గిబ్సన్ గారు తీసిన "ద ప్యాషన్ ఆఫ్ ద క్రైస్ట్" చూసి ఎందరో ఏడ్చారు. అందులో కొరడా దెబ్బల దృశ్యం చాలాసేపు సాగుతుంది. యోహాను సువార్త 19వ అధ్యాయంలో అది ఒక్క వచనం. సువార్తికులు గాయాలను వర్ణించలేదు. మనల్ని ఏడిపించడమే వారి ఉద్దేశమైతే ఎంతైనా వ్రాసేవారే. వారు కోరింది మనం ఆయనను వెంబడించడం.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నేను హైస్కూలులో ఉండగా మా చర్చి ఆవరణలో "కరుణామయుడు" వేశారు. రెండు వెదురు బొంగులు పాతి తెల్లగుడ్డ కట్టారు. చోటు చాలక కొందరు తెర వెనుక కూర్చొని తిరగబడిన బొమ్మనే చూశారు. ప్రభువు సిలువ మోసుకొని నడిచే పాట వచ్చేసరికి మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేనూ వెక్కివెక్కి ఏడ్చాను.

ఆట అయిపోయాక, గుంటలు తీసి బొంగులు పాతిన కూలి మనిషి మా ఇంటికి అన్నానికి వచ్చాడు. మాది ప్రార్థన చేసే కుటుంబమే. అయినా ఆయనకు వాకిట్లోనే విస్తరి వేశారు. ఆయన తాగే గ్లాసు వేరు. అది చూరులో దోపి ఉండేది. దాన్ని ఆయనే తీసి పట్టుకుంటే, చెంబు తగలకుండా ఎత్తు నుండి నీళ్లు పోసింది నేనే. అప్పటికి నా కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

ఇన్నేళ్ల తరువాత ఆ పాటలో ప్రతి దృశ్యం నాకు గుర్తుంది. ఆ మనిషి పేరు గుర్తులేదు. మత్తయి 25వ అధ్యాయంలో ప్రభువు, దప్పిగొన్నవానిలో తాను ఉన్నానని చెప్పాడు. అయితే ఆ రాత్రి ఆయన మా వాకిట్లో కూర్చొని ఉన్నాడు. నేను తెర మీద ముఖాన్ని చూసి ఏడ్చి, వాకిట్లో ముఖాన్ని చూడకుండా నీళ్లు పోశాను.

ప్రియులారా, సినిమా చూడవద్దని నేను చెప్పడం లేదు. చూసిన రాత్రే పిల్లలతో కూర్చొని ఆ వాక్యభాగం తెరవండి. సినిమాలో ఉండి ఇక్కడ లేనిదేమిటి, ఇక్కడ ఉండి సినిమాలో లేనిదేమిటి అని అడగండి. వాళ్లు మనకంటే ముందుగా కనిపెడతారు. తరువాత ఇంకొక ప్రశ్న మనల్ని మనమే అడుగుదాం. ఎవరిని చూసి ఏడ్చానో, అలాంటివారు మా వీధిలో ఎవరున్నారు? రేపు ఉదయం వారికి నేనేమి చేస్తాను?

అద్దంలో ముఖం చూసుకొని, అవతలికి పోగానే మరచిపోయే మనిషిని గూర్చి యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయంలో వ్రాశాడు. తెర కూడా ఒక అద్దమే. లైట్లు వెలిగాక ఏమి చేశామన్నదే లెక్క.

మీ ఇంటి చూరులో ఇంకా అలాంటి గ్లాసు ఏదైనా ఉంటే, ఈ రోజే తీసి లోపలి గ్లాసులతో కలిపి పెట్టండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.