మన పటం మీద గీత గీసిన ఐరిష్ దొర

(డోంగ్లిలో చేసిన ప్రసంగ పాఠం)



డోంగ్లిల నిలబడి ఐర్లండ్ దొర ముచ్చట ఎందుకని మీకు అనిపించొచ్చు. కానీ ఊరు ఏ రాజ్యంల ఉండాల్నో ఊరోళ్లను అడుగకుండనే ఎక్కడో కూసున్నోళ్లు తేల్చుతరని ఈ సరిహద్దు జనానికి మేము చెప్పాల్సిన పని లేదు. 1956ల బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా నుంచి తెంపి తెలంగాణ దిక్కు కలిపిండ్రు. దెగ్లూర్ అటే ఉండిపోయింది. అంతకన్న 156 ఏండ్ల ముందు ఇంకో పెద్ద గీత పడ్డది. దాన్ని గీయించినోడు రిచర్డ్ వెల్లెస్లీ.

1760ల ఐర్లండ్‌లోని మీత్ కౌంటీల పుట్టిండు. అక్కడి జనంల ఎక్కువ మంది కేథలిక్కులు. భూములు, అధికారం మాత్రం ఇంగ్లండ్ నుంచి వచ్చి పాతుకపోయిన ప్రొటెస్టెంట్ దొరలవి. వెల్లెస్లీ ఆ దొరల బిడ్డ. 1781ల తండ్రి పోతే మార్నింగ్టన్ ప్రభువు అన్న బిరుదు వచ్చింది, బిరుదుతోపాటు తండ్రి అప్పులూ వచ్చినయి. ఐరిష్ ప్రభువుల సభల కూసున్నడు, లండన్ పార్లమెంటుకు పోయిండు, 1798ల గవర్నర్ జనరల్ అయి కలకత్తల దిగిండు.

అప్పుడు హైదరాబాద్ సంగతేంది? 1795ల ఖర్దా కాడ నిజాం అలీఖాన్ మరాఠాల చేతిల ఓడిపోయిండు. కంపెనీ పక్కకు నిలబడి చూసింది. నిజాం ఇంక ఫ్రెంచి అధికారి రేమండ్‌ను నమ్ముకున్నడు. ఆ రేమండ్ 1798 మార్చిల చచ్చిపోయిండు. సెప్టెంబర్ 1న కంపెనీ నిజాంతోని ఒప్పందం రాయించుకున్నది. ఆరు పటాలాల కంపెనీ సిపాయిలు, వాళ్ల ఖర్చుకు ఏటా 24,17,100 రూపాయలు. అక్టోబర్‌ల సుమారు 14 వేల మంది ఉన్న ఫ్రెంచి దళం యుద్ధం లేకుండనే ఆయుధాలు కింద పెట్టింది. జీతాలు అందని సిపాయిలు అప్పటికే తమ అధికారుల మీద తిరగబడి ఉండిరి.

దీన్నే మన పిల్లలు 'సైన్య సహకార పద్ధతి' అని మార్కుల కోసం బట్టీ పడ్తరు. మోటుగా చెప్తే ముచ్చట గింతే: మా సిపాయిలను నీ ఇంట్ల పెడ్తం, జీతం నువ్వియ్యాలె, హుకుం మేమిస్తం.

ఏటేటా పైసలు కట్టే బాధ పోవాలని 1800 అక్టోబర్ 12న ఇంకో ఒప్పందమైంది. ఈసారి పైసలకు బదులు భూమి. 1792ల, 1799ల టిప్పుతోని జరిగిన యుద్ధాలల్ల నిజాం వాటాకు వచ్చిన బళ్లారి, కడప, అనంతపురం దిక్కు సీమలన్నీ కంపెనీ చేతికి పోయినయి. అవే దత్తమండలాలు. మన్రో కలెక్టరయి వచ్చిండు. వాటికి రాయలసీమ అన్న పేరు 1928ల నంద్యాల సభల వచ్చింది. కోస్తా సర్కార్లు 1766లనే పోయినయి, గుంటూరు 1788ల పోయింది.

నిజాం మోసపోయిండని అనుడు మాకు సమ్మతం కాదు. గద్దె దక్కితే చాలనుకున్నడు. రైతును ఇద్దరిల ఒక్కరూ అడుగలె. తెలుగోళ్లు ఎప్పుడూ ఒక్క గొడుగు కిందనే ఉన్నరని చెప్పేటోళ్లు ఈ కాగితం చదువాలె. అటు మద్రాసు కచ్చేరి, ఇంగ్లీషు చదువులు. ఇటు జాగీర్లు, ఫార్సీ, ఆ తర్వాత ఉర్దూ దఫ్తర్లు. ఇన్నేండ్లు వేరే సర్కార్ల కింద బతికినోళ్ల కొలువులు, చదువులు, భూముల లెక్కలు ఒక్కతీరుగ ఎట్లుంటయి?

వెల్లెస్లీ హైదరాబాద్ మొఖం చూడలె. 1799ల మైసూరు గెలిచినందుకు ఐరిష్ మార్క్విస్ బిరుదిస్తే అలిగిండు. రెండు పూతల బంగారం పూసిన ఆలుగడ్డ ఇచ్చిండ్రని ఎక్కిరించిండు. పుట్టిన గడ్డ బిరుదంటే అంత చిన్నచూపు! ఆయన మన సీమలు తీసుకున్న 1800లనే ఐర్లండ్ పార్లమెంటును ఇంగ్లండ్‌ల కలిపే చట్టమైంది.

అయితే మనిషిని ఒక్క దిక్కు నుంచే చూసుడు న్యాయం కాదు. 1821ల ఐర్లండ్‌కు రాజప్రతినిధిగ పోయి కేథలిక్కుల హక్కులకు మద్దతిచ్చిండు. అందుకని 1822ల డబ్లిన్ నాటకశాలల సొంత ప్రొటెస్టెంట్లే ఆయన మీద సీసా ఇసిరిండ్రు. 1828ల తమ్ముడు వెల్లింగ్టన్ ప్రధానమంత్రి అయితే, ఈ విషయంల తమ్మునితోని కుదరక పదవి వదిలిండు. ఐర్లండ్‌ల ప్రజల హక్కు అర్థమైనోనికి బళ్లారిల, కడపల అర్థం కాలేదెందుకో మీరే ఆలోచించుండ్రి.

1842ల లండన్‌ల పోయిండు. ఫౌజు లెక్క మాత్రం ఆగలె. 1853ల డల్హౌసీ కంటింజెంట్ అనే ఇంకో ఫౌజు బాకీ కింద నిజాం నుంచి బేరార్‌ను తీసుకున్నడు.