చెవికందని ధ్వని

ఈ ప్రసంగమును మీకు చేరవేయుచున్న రేడియోపెట్టెకు ఒక లోపము కలదు. మేము నేడు ఏ ధ్వనినిగూర్చి చెప్పదలచితిమో దానిని అది పలికింపజాలదు. పురుషుని కంఠము సెకనుకు సుమారు నూరు కంపనములతో పలుకును. ఇరువదికి దిగువనున్న కంపనములను మన చెవి సాధారణముగా స్వరముగా గుర్తింపదు. వీనికి పరశ్రావ్యములని పేరు. 'సాధారణముగా' అను మాటను మేము ఊరక వాడలేదు. మిక్కిలి బలముగా మ్రోగించినచో ఇవియు చెవికి ఒత్తిడిగా, దడదడగా తెలియును.

గుండె కొట్టుకొనుట, ఊపిరి ఆడుట, చెమటపట్టుట, ప్రేగులు కదలుట మన ఆజ్ఞకొరకు వేచియుండునవి కావు. చెవి గుర్తింపని ధ్వని ఈ అనియంత్రిత చర్యలను కదల్పగలదా? ఈ ప్రశ్నకు మిక్కిలి ప్రచారము కలిగించిన వృత్తాంతము ఇంగ్లండులో జరిగినది.

తరువాత కొవెంట్రీ విశ్వవిద్యాలయమున అధ్యాపకుడైన విక్ టాండీ అను ఇంజనీరు అంతకుముందు ఒక ప్రయోగశాలలో పనిచేయుచుండెను. అచ్చట దయ్యము తిరుగునని తోటివారి వాడుక. ఒకనాటి రాత్రి ఒంటరిగా కూర్చుండి వ్రాసికొనుచుండగా ఆయనకు చలిచెమట పట్టినది. మెడపై వెండ్రుకలు నిక్కినవి. కంటికొనలో బూడిదవన్నె ఆకారమొకటి కదలినది. తిరిగి చూడగా మాయమైనది. మరునాడు కత్తిసాము పోటీకొరకు తన కత్తిని సరిచేసికొనుటకై వైసులో బిగింపగా దాని అలుగు తనంతట తానే వణకనారంభించెను. గది నడుమ ఆ వణకు హెచ్చు, గోడలకడ తక్కువ. క్రొత్తగా అమర్చిన గాలిపంకా గదిలో స్థిరతరంగమును పుట్టించుచున్నదని ఆయన ఊహించెను. పంకా బిగింపును మార్చగా తరంగమును పోయెను, దయ్యమును పోయెను. 1998లో టోనీ లారెన్స్‌తో కలసి ఆయన ఈ సంగతిని ప్రకటించెను.

కథ ముచ్చటైనదే. అయినను శ్రోతలొక విషయము గమనింపవలెను. ఆయన చెప్పిన 18.98 హెర్ట్జ్‌ల సంఖ్య ముప్పది అడుగుల గది పొడవునుబట్టి లెక్కగట్టినదే కాని, ఆనాడు పరికరముతో కొలిచినది కాదు. కనుగ్రుడ్డు 18 హెర్ట్జ్‌ల ప్రాంతమున అనునాదము చెందునను వాదమునకు ఆధారము శరీరమునే కుదిపిన ప్రయోగములు. కూర్చున్న పీఠమును కుదుపుట వేరు, చుట్టునున్న గాలిని కదల్చుట వేరు. నీటిపాలు హెచ్చుగా గల మన కండరములలోనికి గాలిలోని ధ్వని బహుస్వల్పముగా చొచ్చును. గాలి నిండిన చోట్లు, అనగా ఊపిరితిత్తులు, నడిమిచెవి, దానికి లోబడును. ఊరేగింపులో పెద్ద సౌండుబాక్సుల ప్రక్కన నిలిచినపుడు రొమ్ము అదరుట మనకందరకును అనుభవమే.

ధ్వనిబలమును అంతకు మించి హెచ్చించినచో ఏమగును? అమెరికాలో వ్యోమయాత్రలకై సన్నాహములు జరుగుచున్న దినములలో, 1965లో, ఇట్టి పరీక్షల ఫలితములు వెలువడినవి. సుమారు 150 డెసిబెల్‌ల తీవ్రతతో మందరధ్వనులను కొలదిసేపు వినిపింపగా కొందరికి రొమ్ము అదరినది, దగ్గు వచ్చినది, గొంతు పట్టినట్లైనది, చూపు చెదరినది. వీనిలో కొన్ని బాధలు కలిగించిన ధ్వనులు 50 మొదలు 100 హెర్ట్జ్‌ల వరకు గలవి. అనగా చెవికి వినబడునవే. శరీరమును కదల్చినది చెవికందని రహస్యశక్తి కాదు, ధ్వని తీవ్రత.

నిత్యజీవితములో మనకు తగులునవి అంతటి తీవ్రధ్వనులు కావు. సిడ్నీ నగరమున ధ్వని సహింపలేని 37 మందిని 72 గంటలపాటు గాలిమరల పరశ్రావ్యమును పోలిన ధ్వనిలో నుంచి పరీక్షించిరి. నిద్రకుగాని గుండెకుగాని దానివలన హాని కనబడలేదని 2023లో ప్రకటించిరి. మా దృష్టిలో అంతకన్న ఆలోచింపదగినది న్యూజిలాండులో జరిగి 2014లో వెలువడిన పరీక్ష. అందు కొందరికి పరశ్రావ్యము హానికరమని చెప్పు చిత్రములను ముందుగా చూపిరి. పిదప నిజమైన ధ్వనిని ఒకమారు, ధ్వనియే లేని ఉత్తపరీక్షను ఒకమారు జరిపిరి. వారికి రెంటియందును బాధలు హెచ్చినవి. ఆ బాధలు నటన కావు. భయమునకును గుండె లోబడును, కడుపు లోబడును.

ఇట్లని ధ్వనివలన భయమే లేదనరాదు. అర్ధరాత్రి ఇంటి ముందుగా లారీ పోయినపుడు నిద్రించువాడు మేల్కొనకున్నను వాని గుండె వేగము పెరుగవచ్చును, రక్తపుపోటు పెరుగవచ్చును. కన్ను మూసికొనుటకు రెప్పలున్నవి, చెవికి లేవు. గాలిమరను నిందించువారు వీధిలోని ఈ మ్రోతను మరచుట మాకు వింతగా తోచును.

టాండీ కథ చదివిన క్రొత్తలో మా రాత్రి డ్యూటీగది ప్రక్కనున్న శీతలయంత్రముపై మాకును అనుమానము కలిగెను. ఆ గదిలో కూర్చున్నంతసేపును రొమ్ముపై ఏదో బరువు. యంత్రమునుగూర్చి పై అధికారులకు వ్రాయుటకును సిద్ధపడితిమి. ఇంతలో మరమ్మతుకై ఆ యంత్రమును మూడునాళ్లు ఆపివేసిరి. ఆ మూడు రాత్రులును బరువు అట్లే యుండెను. వ్రాసిన ఉత్తరము ఇప్పటికిని మా సొరుగులోనే ఉన్నది.