నిర్దోషికి మనం పడిన బాకీ

సకల ప్రశంసలూ అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతిశుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండాలని ముందుగా మాకు మేము, ఆపైన మీకు హితవు చెప్పుకుంటున్నాం. తఖ్వాకు పరీక్ష నమాజు పంక్తిలోనే జరగదు. సాక్ష్యం చెప్పే చోట, తీర్పు ఇచ్చే చోట, ఒకరి గురించి నోరు విప్పే చోట కూడా జరుగుతుంది. చేయని నేరానికి చెరసాల పాలైన మనిషి విషయంలో మన ధర్మం ఏమి కోరుతున్నదో ఈ జుమా నాడు ఆలోచిద్దాం.

మదీనాలో ఒక ఇంట్లో కవచం దొంగతనమైంది. తఫ్సీర్ గ్రంథాలలో ప్రసిద్ధమైన కథనం ప్రకారం, దొంగిలించినవాడు ముస్లింగా చెలామణి అవుతున్నవాడే. నింద మాత్రం ఒక యూదునిపై పడింది. దొంగ బంధువులు కూడబలుక్కుని అతని పక్షాన వాదించారు. అప్పుడు సూరతున్నిసాలోని 105వ ఆయతు మొదలుకొని కొన్ని ఆయతులు అవతరించాయి. ద్రోహుల తరఫున వాదించరాదని ఆజ్ఞ వచ్చింది. తాను చేసిన పాపాన్ని నిరపరాధి మీదికి నెట్టేవాడు ఎంత పెద్ద భారం మోస్తాడో 112వ ఆయతు హెచ్చరించింది. ఒక్క నిర్దోషి పరువు కోసం ఆకాశం నుంచి వహీ దిగింది. ఆ నిర్దోషి మన సమూహం వాడు కాడన్న సంగతిని మనం మరువరాదు.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం మీకు తెలిసినదే. ఏళ్ల తరబడి చెరలో ఉన్న ఆయనను తీసుకురమ్మని రాజు దూతను పంపితే, ఆయన పరుగున వెళ్లలేదు. ముందుగా ఆ స్త్రీల సంగతి విచారించమని దూతను తిప్పి పంపారు. తన నిర్దోషిత్వం నలుగురి ముందూ తేలిన తరువాతే బయటికి వచ్చారు. తలుపు తెరిచినంత మాత్రాన న్యాయం పూర్తికాదు. పోయిన పేరును తిరిగి అప్పగించాలి.

మక్కా విజయం తరువాత బనూ జజీమా తెగ విషయంలో పొరపాటు జరిగి, చంపరాని మనుషులు చంపబడ్డారు. దైవప్రవక్త (స) ఆ చర్యతో తమకు సంబంధం లేదని అల్లాహ్‌కు విన్నవించుకున్నారు. అయితే అంతటితో ఊరుకోలేదు. హజ్రత్ అలీ (రజి) చేతికి ధనమిచ్చి పంపారు. ఆయన ప్రతి ప్రాణానికీ దియత్ చెల్లించారు, పోయిన ప్రతి వస్తువుకూ వెల కట్టారు. కుక్క నీళ్లు తాగే పాత్రను కూడా లెక్కలోకి తీసుకున్నారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. అప్పటికీ మిగిలిన ధనాన్ని, తెలియక వదిలేసిన నష్టమేదైనా ఉంటే దానికి సరిపోవాలని, వారికే ఇచ్చివేశారు. ప్రవక్త (స) ఆ పనిని మెచ్చుకున్నారు. అధికారం పేరిట జరిగిన అన్యాయానికి పరిహారం ఎలా ఉండాలో ఇక్కడ నేర్చుకోవాలి. బాధితుడు అడుక్కోనక్కరలేదు. ఇచ్చేవాడే వెతుక్కుంటూ వెళ్లి, అనుమానం ఉన్న చోట ఎక్కువగా ఇస్తాడు.

సోదరులారా! ఇక మన నేల సంగతి చూడండి. 2007 డిసెంబరులో విజయవాడ సమీపంలోని ఒక హాస్టలులో ఒక విద్యార్థిని దారుణ హత్యకు గురైంది. ఆమె ముస్లిం కుటుంబపు బిడ్డ. ఆ నేరం మోపి 2008లో అరెస్టు చేసినది ఒక పేద దళిత యువకుణ్ణి. 2010లో అతనికి శిక్ష పడింది. అతడు హంతకుడు కాడని చెప్పినవారిలో కడుపుకోతకు గురైన ఆ అమ్మాయి తల్లిదండ్రులే ఉన్నారు. 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ణి నిర్దోషిగా ప్రకటించి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమన్నది. ఎనిమిదేళ్లకు పైబడిన చెరకు లెక్క వేస్తే, రోజుకు 35 రూపాయలు కూడా రావు. అసలు హంతకుడెవరో తేలకపోతే ఆ తల్లిదండ్రులకు కూడా న్యాయం దక్కనట్లే. నిర్దోషిని శిక్షించినప్పుడు అన్యాయం రెండు ఇళ్లలో జరుగుతుంది.

2007 మే 18న హైదరాబాదు మక్కా మస్జిదులో బాంబు పేలిన తరువాత ఎందరో యువకులను నిర్బంధించారు. నిర్దోషులుగా విడుదలైన 20 మందికి తలా 3 లక్షలు, మరో 50 మందికి తలా 20 వేలు చొప్పున ఇవ్వాలని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. తప్పుగా శిక్ష అనుభవించినవారికి పరిహారాన్ని హక్కుగా ఇచ్చే ప్రత్యేక చట్టం లేనందువల్లనే ఈ నిలకడలేనితనం. అటువంటి చట్టం కావాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. ఆ కోరికను ప్రజాప్రతినిధుల ముందు శాంతియుతంగా, పట్టుదలగా ఉంచడం మన పౌరధర్మం.

అయితే ప్రభుత్వం చెల్లించవలసిన బాకీ ఒకటి, మనం చెల్లించవలసిన బాకీ మరొకటి. అరెస్టు వార్త వినగానే తీర్పు చెప్పిన నాలుకలు మనవి కావా? విడుదలైనవాడికి ఇల్లు అద్దెకివ్వడానికి, పని ఇవ్వడానికి, అతని చెల్లెలి సంబంధం మాట్లాడడానికి వెనుకాడిన వీధి మనది కాదా? ఈ బాకీకి ఏ కోర్టు ఉత్తర్వూ అవసరం లేదు.

కాబట్టి మూడు పనులు చేద్దాం. మొదటిది, విచారణ తేలకముందు ఎవరినీ నేరస్థుడని పిలవకుండా ఉందాం. రెండవది, జైలులో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉన్నదని, అందుకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉన్నదని తెలియని కుటుంబాలకు తెలియజేద్దాం. మూడవది, కేసుల ఖర్చుతో అప్పులపాలైన ముస్లిం అర్హుడైతే జకాత్ నుంచి, ఇతరులకైతే సదఖా నుంచి, మతం చూడకుండా చేయూతనిద్దాం.

ఓ అల్లాహ్! మా నాలుకలను అపనింద నుంచి కాపాడు. అన్యాయంగా బంధింపబడినవారికి విముక్తి కలిగించు, వారి తల్లుల కన్నీరు తుడువు. సాక్షులకు సత్యాన్ని, న్యాయమూర్తులకు వివేకాన్ని, పాలకులకు నీ భయాన్ని ప్రసాదించు. మేము ఎవరి హక్కు కాజేసి ఉన్నా, ప్రళయదినానికి ముందే దానిని తీర్చుకునే సద్బుద్ధి మాకు ప్రసాదించు. ఆమీన్.