మధుమేహములో మనసు మందులు

మూత్రమునందలి తీపిని గుర్తించి మన ప్రాచీన వైద్యులు ఈ వ్యాధికి మధుమేహమని పేరు పెట్టిరి. 17వ శతాబ్దిలో థామస్ విల్లిస్ అను ఇంగ్లండు వైద్యుడు, దీర్ఘకాలము అనుభవించిన దుఃఖము ఈ వ్యాధికి ఒక కారణమని వ్రాసెను. ఆయన మాట పూర్తిగా నిజము కాకపోయినను, దుఃఖమునకును మధుమేహమునకును చుట్టరికము గలదని తరువాతి పరిశోధనలు తెలిపినవి. అంతవరకు జరిగిన 42 పరిశీలనలను కలిపి చూచిన పరిశోధకులు, మధుమేహము లేనివారి కంటె ఉన్నవారిలో మనసు కుంగుబాటు ఇంచుమించు రెండింతలు కనిపించునని 2001లో ప్రకటించిరి. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువరించిన అధ్యయనము ప్రకారము మన దేశమున మధుమేహ రోగులు 10 కోట్లకు పైగా నున్నారు. ఈ రెండు మాటలు కలిపి చూచినచో, షుగరు మాత్రతో పాటు మనసు మాత్రను కూడ మ్రింగవలసిన వారు ఎందరుందురో ఊహించుకొనవచ్చును.

మన ప్రాంతమున దీనికి రంది అని పేరు. ఆకలి లేదు, నిద్ర లేదు, పనిమీద మనసు నిలువదు, నలుగురిలో కూర్చుండ బుద్ధి పుట్టదు. ఇంటివారు "ఏదో రంది పెట్టుకొన్నాడు" అని ఊరకుందురు. రంది గలవాడు వేళకు తినడు, నడకకు పోడు, మాత్ర మరచును, షుగరు పెరుగును. పెరిగిన షుగరు ఒడలిని నీరసపరచి రందిని మరింత పెంచును. ఈ చక్రమును తెంపుటకు వైద్యుడు మనసుకు మందు వ్రాసినప్పుడు దానిని శ్రద్ధతో వాడవలెను. కాని ఆ మందుకు తనవైన కొన్ని చిక్కులు గలవు. వానిని ఓర్చుకొను మార్గములను గూర్చియే మేము నేడు చెప్పదలచినది.

సూర్యాపేట, కోదాడ పట్టణములు హైదరాబాదు విజయవాడ రహదారిపై నున్నవి. మిర్యాలగూడ నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింది ఊరు; బియ్యపు మిల్లులకు పేరు పొందినది. ఈ మూడు చోట్లను షుగరుకు మందిచ్చు వైద్యుడు సాధారణముగా ఊరిలోనే దొరకును. మనసుకు మందిచ్చు వైద్యుని కొరకు పలువురు నల్లగొండకో, హైదరాబాదుకో, కోదాడవారైనచో ఖమ్మమునకో విజయవాడకో పోవుచుందురు. అందుచేత ఒకే మనిషి జేబులో రెండు ఊళ్ల మందుల చీటీలు ఉండును. ఒక వైద్యుడు వ్రాసినది రెండవ వైద్యునకు తెలియదు. రోగి కూడ "మనసు డాక్టరు వద్దకు పోయితినని తెలిసిన ఏమనుకొందురో" అని ఆ చీటీని దాచును. చిక్కులలో సగము ఇక్కడనే పుట్టుచున్నవి.

ఉదాహరణకు మిర్యాలగూడ మిల్లులో లెక్కలు వ్రాయు ఒక గుమాస్తాను ఊహించుకొందము. షుగరు తగ్గించు గ్లిమెపిరైడ్ మాత్రను చాల కాలముగా వాడుచున్నాడు. మనసు కుంగుబాటునకు కొత్తగా ఫ్లూవోక్సెటిన్ వంటి మందు మొదలుపెట్టెను. ఇట్టి మందులు మొదటి ఒకటి రెండు వారములు వికారము కలిగించి ఆకలిని చంపుట కలదు. అతడు ఉదయము అన్నము ముట్టలేదు. షుగరు మాత్రను మాత్రము అలవాటు చొప్పున వేసుకొనెను. పదకొండు గంటలకు చెమట పట్టి చేతులు వణకినవి. అది షుగరు పడిపోవుటయా? కొత్త మందు కలిగించిన వణకా? రెండును ఒకే తీరుగ కనిపించును. ఫ్లూవోక్సెటిన్ కొందరిలో తానే షుగరును కొంత దించును కూడ. చేతి వణకును చూచి ఈ భేదమును వైద్యుడు సైతము చెప్పజాలడు. గ్లూకోమీటరు చెప్పును.

కాబట్టి మొదటి సూత్రము: అనుమానము కలిగినప్పుడు వెంటనే కొలువవలెను. షుగరు 70 కంటె తక్కువ ఉన్నచో మూడు చెంచాల పంచదారను, లేదా అంతే గ్లూకోజు పొడిని నీటిలో కలిపి త్రాగి, పదునైదు నిమిషముల తరువాత మరల కొలువవలెను. ఇంకను తక్కువగా నున్నచో మరల త్రాగవలెను; కోలుకొన్న పిదప ఏదేని తినవలెను. 70కి పైగా నున్నచో పంచదార వలదు. వణకు మందుదై ఉండవచ్చును. గ్లూకోమీటరు చేతికి అందనప్పుడు మాత్రము షుగరు పడిపోయినట్లే భావించి పంచదార పుచ్చుకొనుట క్షేమము. స్పృహ తప్పినవాని నోట ఏమియు పోయరాదు. 108కి ఫోను చేయవలెను. వికారముచే అన్నము తినలేని దినమున షుగరు మాత్రను, ఇన్సులిన్‌ను ఏ మేరకు మార్చుకొనవలెనో వైద్యుని ముందుగనే అడిగి వ్రాయించుకొనవలెను.

ఇచ్చట మరియొక హెచ్చరిక. గుండెదడకును ఆందోళనకును కొందరికి ప్రొప్రనలాల్ అను మాత్ర నిత్తురు. ఇది షుగరు పడిపోయినప్పుడు కలుగు వణకును, దడను కప్పిపుచ్చును. చెమట మాత్రము పట్టును. ఈ మాత్ర వాడువారు కారణము లేని చెమటను తేలికగా తీసికొనరాదు.

ఇక పాత తరగతి మందులు. కుంగుబాటుకు మాత్రలు వాడుకలోనికి వచ్చి ఎంతో కాలము కాలేదు. ఇమిప్రమిన్ అను మందు గుణమును స్విట్జర్లండు వైద్యుడు రోలాండ్ కూన్ 1957లో ప్రకటించెను. అమిట్రిప్టిలిన్ దాని తరువాత వచ్చినది. ఈ రెండవ మందును మధుమేహ రోగుల అరికాళ్ల మంటలకు, పోట్లకు కూడ తక్కువ మోతాదులో వ్రాయుదురు. మందుల దుకాణములో ఎవరో "ఇది మెంటలు మాత్ర" అన్నంతనే కొందరు దానిని పారవేయుచున్నారు. నరముల బాధకు వ్రాసిన మందును అట్లు పారవేసి రాత్రంతయు అరికాళ్ల మంటతో మేలుకొనుట ఎందుకు?

ఐనను ఈ మందుకు ఇబ్బందులు లేకపోలేదు. నోరెండును. మన ప్రాంతపు ఎండలలో నోరెండినవాడు చల్లని తీపి పానీయములవైపు పోవుట సహజము. షుగరు పెరుగుటకు అదియే దారి. గుక్కెడు గుక్కెడుగా నీళ్లు, పంచదార లేని నిమ్మనీరు, పలుచని మజ్జిగ త్రాగవచ్చును. నోట రెండు సోంపు గింజలు వేసికొనవచ్చును. ఉమ్మి తగ్గిన నోట పళ్లు త్వరగా పుచ్చును గనుక రెండు పూటల పళ్లు తోముకొనవలెను. మలబద్ధకము కలిగినచో ఆకుకూరలు, జొన్నరొట్టె, నీళ్లు, నడక మేలు చేయును. మూత్రము బిగియుట, చూపు మసకబారుట కనిపించినచో ఆలస్యము చేయక వైద్యునకు చెప్పవలెను.

పడకనుండి లేచినంతనే కన్నులు చీకట్లు కమ్ముట మరియొకటి. మధుమేహము చిరకాలమైనచో నరములు దెబ్బతిని, లేచినప్పుడు రక్తపోటు పడిపోవును. అమిట్రిప్టిలిన్ దానిని హెచ్చించును. అందుచేత వృద్ధులు రాత్రివేళ దిగ్గున లేవరాదు. పడకపై రెండు నిమిషములు కూర్చుండి, ఆసరా పట్టుకొని నిలువవలెను. ఈ మందు మత్తు కూడ కలిగించును. రహదారిపై లారీలు, బస్సులు నడుపువారు, మిల్లు యంత్రముల కడ పనిచేయువారు తమ వృత్తిని వైద్యునకు తప్పక చెప్పవలెను. కల్లుతో, సారాతో ఈ మత్తు రెట్టింపగును. ఏమియు తినక త్రాగినచో షుగరు కూడ పడిపోవును.

బరువు మాట. అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్ వంటి మందులు ఆకలిని పెంచి బరువు పెంచుట కలదు. సెర్ట్రలిన్ వంటి వానితో ఆ చిక్కు సాధారణముగా తక్కువ. మందు మొదలుపెట్టిన నాటి బరువు వ్రాసికొని, పదునైదు దినముల కొకమారు తూచుకొనుచుండవలెను. రెండు మూడు కిలోలు పెరిగినచో మందు మార్చుమని అడుగుటకు రోగికి హక్కు గలదు. రోగి చెప్పనిది వైద్యునకు తెలియదు.

చెప్పుటకు సిగ్గుపడు విషయము ఒకటి గలదు. మనసు మందులలో పెక్కు దాంపత్యసుఖమును తగ్గించును. మధుమేహము కూడ అదియే చేయును. భార్యకైనను చెప్పక మందు మానివేయు మగవారు, వైద్యుని అడుగుటకు వెనుకాడు స్త్రీలు కలరు. మోతాదు తగ్గించుట, మందు మార్చుట, షుగరును అదుపులో నుంచుట వలన ఇది చాలమందికి చక్కబడును. అడుగుటలో అవమానము లేదు.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన మాట. ఈ మందుల మేలు రెండు మొదలు ఆరు వారములకు గాని కనిపించదు. ఇబ్బందులు మొదటి దినముననే కనిపించును. అందుచేత పదవ దినమున రోగికి కష్టము తెలియును గాని సుఖము తెలియదు. ఆ దినముననే పెక్కుమంది మాత్రలను అటక మీదికి విసరుచున్నారు. వికారము, తలనొప్పి సాధారణముగా రెండు వారములలో తగ్గును. భోజనము తరువాత మందు వేసికొనుట, తక్కువ మోతాదుతో మొదలిడుట తోడ్పడును. కొంత కాలము వాడిన మందును ఒక్కమారుగా మానినచో తల తిరుగుట, చిరాకు, ఒంటిలో కరెంటు తగిలినట్లు జిల్లుమనుట కలుగును. మనసు కుదుటపడిన పిదప కూడ కనీసము ఆరు నెలలు వాడి, వైద్యుని సలహాపై మెల్లమెల్లగా తగ్గింపవలెను.

బ్రదుకు వలదను తలపు వచ్చినను, వృద్ధులు ఉన్నట్టుండి తికమకపడినను, ఇరువదియైదేండ్లు నిండనివారు మందు మొదలుపెట్టిన తొలివారములలో కలతచెందినను, ఒక దినమైనను ఆగరాదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్లు తెలుగులోనే ఉచితముగా మాటాడవచ్చును. సూర్యాపేటలోను నల్లగొండలోను 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి; వాని ఆసుపత్రులలో మానసిక వైద్యమునకు ప్రత్యేక విభాగము గలదు. దూరము పోలేనివారు ముందచ్చట విచారింపవచ్చును.

పావలా వంతు పుస్తకము చాలును. ఎడమ పుటలో షుగరు, బరువు. కుడి పుటలో ఆ దినము కలిగిన ఇబ్బంది, తిన్న వేళ, మాత్ర వేసికొన్న వేళ వ్రాయవలెను. అట్ట లోపల ఇరువురు వైద్యుల చీటీలు మడిచి ఉంచవలెను. ఏ వైద్యుని వద్దకు పోయినను ఆ పుస్తకమునే ముందు చూపవలెను. చిరకాలము మెట్‌ఫార్మిన్ వాడినవారిలో బి12 విటమిను తగ్గి నీరసము, మనసు మాంద్యము కలుగుట గలదు. పుస్తకము చూచిన వైద్యునకు అట్టి సంగతులు కూడ స్ఫురించును.

ఇంటివారు చేయగల సహాయము కూడ గలదు. "అంతా నీ మనసులోనే ఉన్నది" అని మందలించుట మాని, మాత్ర వేసికొంటివా, తింటివా, కొలిచితివా అని దినమున కొకమారు అడిగినచో చాలును. మధుమేహమునకు మందు పుచ్చుకొనువానిని ఎవరును నిందింపరు. మనసుకు మందు పుచ్చుకొనువాడు కూడ ఆ మన్ననకే తగినవాడు.