కూలితో తీరని రుణం

సర్వస్తుతులు అల్లాహ్‌కే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు కురియుగాక!



ఈ వరుసలలో భుజానికి భుజం కలిపి నిలిచిన మనలో కూలి ఇచ్చేవారున్నారు, కూలి తీసుకునేవారూ ఉన్నారు. నమాజు ముగిసి బయటికి వెళ్ళాక వీరి మధ్య జరిగే వ్యవహారం కూడా ధర్మంలోని భాగమే.

సూరె ఆరాఫ్ 85వ ఆయతులో, షుఐబ్ (అలైహిస్సలాం) మద్యన్ వాసులకు చేసిన బోధను అల్లాహ్ మనకు తెలియజేశాడు. అల్లాహ్‌నే ఆరాధించమని ఆయన వారికి చెప్పారు. వెంటనే కొలతలు, తూనికలు సరిగా ఉంచమని, ప్రజలకు చెందవలసిన దానిని తగ్గించవద్దని, చక్కదిద్దబడిన భూమిని పాడుచేయవద్దని హెచ్చరించారు. ఈ విషయాలన్నీ ఒకే ఆయతులో ఉన్నాయి. మనమో వాటిని విడదీశాము. ఆరాధనను మస్జిదుకు, కూలిని లెక్కల పుస్తకానికి, నేలను, నీటిని ప్రభుత్వానికి వదిలివేశాము.

శ్రామికుని చెమట ఆరకముందే కూలి చెల్లించాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగవేసిన వానికి ప్రళయదినాన స్వయంగా అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలుస్తాడని కూడా తెలియజేశారు. అయితే కూలి చెల్లించినంత మాత్రాన యజమాని రుణం తీరిపోతుందా? తీరదు. మన చేతి కింద పనిచేసేవారు మన సోదరులని, వారి శక్తికి మించిన భారం మోపరాదని, మోపితే వారికి తోడ్పడాలని అబూజర్ (రజియల్లాహు అన్హు) ఉల్లేఖించిన హదీసు చెబుతున్నది. తలపై ఎత్తిన మూట ఒక్కటే భారం కాదు. ఊపిరిలోకి చేరే విషం ఏ మనిషి శక్తికైనా మించిన భారమే.

మన నందికొట్కూరు పొలాలనే చూడండి. పత్తికి, మిరపకు పురుగుమందు కొట్టే కూలీకి ముక్కుకు, నోటికి రక్షణ ఉన్నదా? చేతులకు తొడుగులున్నవా? డబ్బా మీది హెచ్చరికను ఎవరైనా అతనికి చదివి వినిపించారా? సాయంత్రం ఖాళీ డబ్బాలను ఎక్కడ కడుగుతున్నారు? ప్రజలు నీటికై వచ్చే రేవులను, నడిచే దారిని, కూర్చునే నీడను మలినం చేయడం శాపానికి కారణమవుతుందని మన ప్రవక్త హెచ్చరించారు. మరి కె.సి. కాలువ నీటిలో పురుగుమందు డబ్బా కడగడం అంతకంటె చిన్న తప్పా?

పొలంలో జరిగే ఈ నిర్లక్ష్యమే పరిశ్రమలో జరిగితే ఊళ్ళకు ఊళ్ళే బలి అవుతాయి. 2020 మే 7న, రంజాన్ మాసంలో, తెల్లవారకముందే విశాఖపట్నంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడింది. నిద్రలో ఉన్న ఆర్.ఆర్. వెంకటాపురం మేలుకునేలోపే విషం ఇళ్ళను చుట్టుముట్టింది. 12 మంది మరణించారు, వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. ప్రజలను అప్రమత్తం చేయవలసిన సైరను మోగలేదని ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. రెండు నెలలైనా గడవకముందే, జూన్ 27న, మన నంద్యాలలోని ఎస్.పి.వై. ఆగ్రో పరిశ్రమలో అమ్మోనియా వెలువడి ఒకరి ప్రాణం తీసింది. విషవాయువుకు లోపలి ఉద్యోగి, బయటి పొరుగువాడు అనే తేడా తెలియదు.

ఇటువంటి సమయాలలో కొందరు, అంతా తఖ్దీర్ అని సరిపెట్టుకుంటారు. సోదరులారా, తఖ్దీర్‌ను విశ్వసించడం మన ఈమాన్‌లోని భాగం. కాని ఒంటెను కట్టివేయనా, లేక అల్లాహ్‌పై భారం వేసి వదిలేయనా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టి, పిమ్మట అల్లాహ్‌పై నమ్మకముంచమని దైవప్రవక్త బోధించారు. మరమ్మతు చేయని గొట్టం, మోగని సైరను కట్టని ఒంటెలే. వాటి వల్ల పోయిన ప్రాణానికి తఖ్దీర్‌ను సాకుగా చూపి జవాబుదారీ నుండి తప్పించుకోలేము.

పనివారికి కూడా బాధ్యత ఉన్నది. పనికి కుదుర్చుకోదగినవాడు బలవంతుడు, నమ్మదగినవాడు అని సూరె ఖసస్ 26వ ఆయతు తెలుపుతున్నది. నమ్మదగినవాడు పని దొంగిలించడు, లోపాన్ని కూడా దాచడు. భోపాల్ దుర్ఘటన అనంతరం, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ముంచుకొచ్చే ప్రమాదాన్ని యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కును కార్మికునికి కల్పించారు. విశ్వాసికి అది హక్కు మాత్రమే కాదు, అమానతు కూడా. అయితే పని పోతుందన్న భయమే చాలామంది నోరు కట్టివేస్తున్నది. కనుక యజమానులారా, లోపం చెప్పినవానిని వెళ్ళగొట్టకండి. అతడు మీ ప్రాణాన్ని, మీ పరలోకాన్ని కూడా కాపాడుతున్నాడు. అదే సూరె 27వ ఆయతులో, మూసా (అలైహిస్సలాం)ను పనికి పెట్టుకున్న మద్యన్ వృద్ధుడు, నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదని ముందే మాట ఇచ్చాడు. మన ఒప్పందాలలో ఆ మాట ఉన్నదా?

వచ్చే జుమాలోగా ప్రతి యజమానీ తన పనిచోటును ఒకసారి శ్రామికుని కళ్ళతో చూడాలి. బకాయి కూలి చెల్లించాలి. రక్షణ సామగ్రి కొనాలి. ప్రతి పనివాడూ తనకు తెలిసిన ప్రమాదాన్ని మర్యాదగా, స్పష్టంగా తెలియజేయాలి.

ఓ అల్లాహ్! మా సంపాదనను హలాల్ చేయి. మా చేతి కింది వారికి మా వల్ల హాని కలగనీయకు. పనికై ఇల్లు విడిచిన ప్రతి ఒక్కరినీ క్షేమంగా ఇల్లు చేర్చు. మా నేలను, నీటిని, గాలిని మా తర్వాతి తరాలకు శుభ్రంగా అప్పగించే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్.